కుందేటి మాంసం పొగ

పొద్దున ఆరింటికల్లా ఆస్పత్రి వ్యాను వచ్చి హారన్ కొట్టేది. మణికుమారి తెల్ల యూనిఫారం మీద స్వెట్టరు తొడుక్కుని పరుగున వెళ్లి ఎక్కేది. వ్యాను మలుపు తిరిగాక ఆమె భర్త యెహెజ్కేలు ఆమె విడిచిన బట్టలు నానబెట్టి, పొయ్యి వెలిగించి, పప్పు పడేసేవాడు. భార్య వీసా మీద వచ్చినవాడు కాబట్టి అతను ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఒమాన్‌లోని సమాయిల్‌లో ఆ రెండు గదుల ఇల్లే మూడేళ్లుగా అతని డ్యూటీ.

పక్కింటి ముసలావిడ సఫూరా పది రోజులకోసారి గోడ మీంచి పిలిచేది. ఆమె కొడుకు కుక్కను తీసుకుని మైదానంలోకి వెళ్లి కుందేళ్లు పట్టుకొచ్చేవాడు. తోలు ఒలిచిన కుందేళ్లను తట్టలో పెట్టి అందించేది సఫూరా. వాటిని ఎండుమాంసం చెయ్యడం యెహెజ్కేలుకు తండ్రి నేర్పిన విద్య. పోలవరం అవతల కొండపల్లెలకు నడిచి వెళ్లి బైబిలు చెప్పే ఆ తండ్రి, వానాకాలంలో మాంసం చెడకుండా పొయ్యిపైన వేలాడదీసి పొగబెట్టడం అక్కడి మనుషుల దగ్గర నేర్చుకున్నాడు.

తొడలూ వీపూ ఎముక నుంచి విడదీసి, కండ వెంబడే వేలెడు వెడల్పు పేలికలుగా కోసేవాడు యెహెజ్కేలు. ఉప్పు, పసుపు, కారం, ఇక్కడి ఎండు నల్ల నిమ్మకాయల పొడి పట్టించి ఒక పూట ఉంచేవాడు. పెరట్లో ఖాళీ నూనె డ్రమ్ములో తీగలు కట్టి పేలికలు వేలాడదీసి, అడుగున తుమ్మలాంటి సమర్ కట్టె నిప్పులు పరిచేవాడు. మంట లేవకూడదు. మాంసం ఉడక్కూడదు, ఎండాలి. పేలికను వంచితే పగలాలి గానీ విరగకూడదు.

ఆ పొగ మాత్రం పైకి పోయేది కాదు. డ్రమ్ము అంచు దాటి నేలకు దిగి, మోకాలెత్తున, గోడ కింద తూము గుండా వీధిలోకి నడిచేది. నడిచి నడిచి ఏదో ఒక గుమ్మం ముందు ఆగేది. మొదటిసారి ఖర్జూర తోట చివర ఒంటరి ముసలాయన తలుపు దగ్గర ఆగింది. ఆయన పొయ్యి రాజేసి రెండు రోజులైంది. ఇంకోసారి జ్వరంతో పడుకున్న బెంగాలీ దర్జీ కొట్టు ముందు. పొగ ఎక్కడ ఆగితే అక్కడ ఆకలి ఉండేది. యెహెజ్కేలు వెనకే మాంసం పొట్లం పట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చేవాడు.

ఊళ్లో అది అందరికీ అలవాటే. పొగ వస్తుంటే మలయాళీ దుకాణదారు దారిలోని బియ్యం బస్తాలు పక్కకు లాగేవాడు. కార్లు ఆగేవి. ఆడవాళ్లు పిల్లల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగి, పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు ఇచ్చేవారు. అది దాటిపోయేదాకా ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కాదు.

తొంభై మూడు జనవరిలో యెహెజ్కేలుకు అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు తవ్వించాడట, చూసుకునే మనిషి కావాలట.

"వెళ్తాను మణీ," అన్నాడు. "భార్య సంపాదిస్తుంటే ఇంట్లో గుడ్డలుతుక్కుంటూ ఎన్నాళ్లుంటాను?"

"నేనేమన్నా అన్నానా అండీ?"

"అనలేదు. అదే బాధ."

"మీ ఇష్టం" అని ఆమె అతని చొక్కాలకు ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది.

శుక్రవారం సాయంత్రం విమానం. ఆ పొద్దున మణికుమారి వ్యాను ఎక్కుతూ వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో తినడానికని సఫూరా ముందు రోజే రెండు కుందేళ్లు ఇచ్చింది. యెహెజ్కేలు తెల్లవారకముందే డ్రమ్ము రాజేశాడు. పదింటికి మొదటి తీగ దించి పొట్లం కట్టాడు. నీళ్ల ట్యాంకరు నడిపే జగిత్యాల నిజాముద్దీన్ కంపెనీ పికప్ అడిగి తెచ్చి, సూట్‌కేసు వెనక పడేశాడు.

"మిగిలింది నువ్వు చూసుకోవాలమ్మా," అన్నాడు యెహెజ్కేలు తనకొచ్చిన అరబ్బీలో. సఫూరా తలూపి డ్రమ్ము పక్కన చాప వేసుకుని కూర్చుంది.

అప్పుడే పొగ దిగింది. ఎన్నడూ లేనంత చిక్కగా, తెల్లగా దిగి వీధి దాటింది. ముసలాయన తలుపు దగ్గర ఆగలేదు. మసీదు దగ్గర ఆగలేదు. రాళ్ల వాగు దాటి, మస్కట్ రోడ్డు కూడా దాటి, అవతలి కొండల వైపు సాగింది.

రోడ్డు ఎక్కగానే నిజాముద్దీన్ బండి ఆపాడు. విమానం ఎక్కాల్సిన మస్కట్ ఎడమకు.

"ఏం జేద్దామన్నా? ఫ్లైట్ టైమైతది."

యెహెజ్కేలు ఒళ్లోని పొట్లం వంక చూశాడు. "ఇళ్లే లేవు అటువైపు. అక్కడ ఎవరికి ఆకలేసిందంటావ్?"

"ఎవలికో ఏసింది," అంటూ నిజాముద్దీన్ స్టీరింగు కొండల వైపు తిప్పేశాడు.

రెండు గంటలు, మనిషి నడిచే వేగంతో, పొగ వెనకాల బండి పోయింది. గాలి ఈడ్చికొడుతున్నా పొగ చెదరలేదు. తుమ్మ కంపల కింద మేకలు నెమరాపి తలలెత్తి చూశాయి. యెహెజ్కేలు గుండె చర్చిలో నిలబడినప్పటిలా నెమ్మదిగా, బలంగా కొట్టుకుంటోంది. ఒక చోట, రాళ్ల మధ్య, పొగ చుట్ట చుట్టుకుని తాడులాగా నేలలోకి దిగిపోయింది.

అది భూమి కిందుగా పారి ఎండిపోయిన పాత ఫలజ్ కాలువకు ఎప్పుడో తవ్విన బావి గొయ్యి. మూడు నిలువుల లోతు.

"ఎవరన్నా ఉన్నారా?" అని వంగి అరిచాడు యెహెజ్కేలు.

చాలాసేపటికి కింద నుంచి తెలుగు వచ్చింది. "ఉన్న. కాలిరిగింది."

పైపులు వేసే సైట్‌లో కూలీ లింబాద్రి అతను. మంగళవారం అడ్డదారిన నడుస్తూ పడ్డాడు. పారిపోయాడనుకుని కంపెనీవాళ్లు పోలీసులకు చెప్పేశారు. అడుగున గులకరాళ్ల మధ్య ఊరే చెమ్మను గుడ్డతో పిండుకుని బతికాడు. ముందు నీళ్ల డబ్బా, మాంసం పొట్లం తాడుకు కట్టి దించారు. నమిలిన చప్పుడు గొయ్యంతా మోగింది. తర్వాత నిజాముద్దీన్ నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

పైకి తెచ్చి బండిలో పడుకోబెడితే లింబాద్రి ఎండకు కళ్లు మూసుకునే చెప్పాడు. "అరిసి అరిసి గొంతు వోయింది. ఇంగ సస్తననుకున్న. గింతల పొగ అచ్చి పక్కపొంటి కూసున్నది. ఎవలో అస్తున్నరని గప్పుడే ఎర్కయింది."

యెహెజ్కేలు లింబాద్రి నుదుటి మీది మట్టి తుడిచాడు.

ఆస్పత్రిలో చేర్పించేసరికి మూడున్నర. మణికుమారి డ్యూటీ రెండింటికే అయిపోయింది. పోలీసులు వచ్చి అన్నీ రాసుకుని, పారిపోయాడన్న ఫిర్యాదు కొట్టేసి వెళ్లేసరికి పొద్దు వాలింది. విమానం ఎప్పుడో ఎగిరిపోయింది. నిజాముద్దీన్ వీధి మొదట్లో దింపితే, యెహెజ్కేలు సూట్‌కేసు మోసుకుంటూ ఇంటికి నడిచాడు.

సఫూరా డ్రమ్ము దగ్గరే ఉంది. గడ్డంతో వంటింటి వైపు చూపించింది.

పొగ కొండల నుంచి తిరిగి వచ్చేసింది. వాళ్ల సొంత వంటింటి గుమ్మం ముందు కదలకుండా నిలబడి ఉంది.

లోపల మణికుమారి యూనిఫారంతోనే పీట మీద కూర్చుని ఉంది. దీపం లేదు. పొయ్యి చల్లగా ఉంది. పొద్దున అతను వండిపెట్టిన అన్నం గిన్నె మీద మూత తీసిన జాడ లేదు.

యెహెజ్కేలు సూట్‌కేసు గడపలో దించి, డ్రమ్ములోంచి ఒక పేలిక తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"మీ విమానం?" అంది ఆమె.

"వెళ్లిపోయింది."

"మళ్లీ ఎప్పుడుంది?"

"నేను కనుక్కోలేదు మణీ. నువ్వు పొద్దున్నుంచీ తినలేదు. ముందు తిను."

ఆమె పేలిక అందుకుని ఒక కొస కొరికింది. నములుతుంటే కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోకుండానే ఇంకో ముక్క కొరికింది. గుమ్మం ముందు పొగ కాసేపు అలాగే నిలబడి, ఆమె చివరి ముక్క మింగాక, అన్ని ఇళ్ల పొగలాగే మెల్లగా ఆకాశంలోకి లేచింది.