విమానాల మిషన్

ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల తర్వాత జనం ఎగబడింది పట్టాభిరామయ్య వీడియో గేముల డేరా మీదే. నరసరావుపేటలో చీరల కొట్టున్న ఆయన మద్రాసు నుంచి రెండు మిషన్లు తెప్పించాడు. ఒకదానిమీద ‘వీరులకు’ అని రాయించాడు. అందులో విమానాలను కాల్చాలి, పదివేల పాయింట్లు దాటితే ట్రాన్సిస్టర్ రేడియో బహుమతి. రెండోదానికి గులాబీ రంగు వేయించి ‘స్త్రీలకు ప్రత్యేకం’ అన్నాడు. అందులో రాలే పండ్లను బుట్టలో పట్టాలి, పదివేలు దాటితే కుంకుమభరిణె. ఇరవై ఏళ్లు చీరలమ్మాడు గనక ఆడవాళ్ల మనసు తనకు కొట్టినపిండి అనుకున్నాడు పాపం.

సాబిరా కన్ను మాత్రం రేడియో మీదే ఉంది. మిరప కల్లంలో ఆమెతోపాటు పాతికమంది ఆడవాళ్లు పొద్దస్తమానం తొడిమలు తీస్తారు. ఎక్కడో హోటల్లో మోగే పాట గాలివాటుకు సగమే వినబడుతుంది. మిగతా సగం తెస్తానని అందరి ముందూ మాటిచ్చి మరీ వచ్చింది.

"విమానాలది ఆడతా బాబాయ్," అంది.

"అది మగోళ్లదమ్మాయ్. నీకు పండ్లున్నయ్ గదా."

సాబిరాకు ఒళ్లు మండింది. "ముందు ఆ పండ్ల సంగతే చూడవే," అంది కల్లంలో పక్కన కూర్చునే హన్నమ్మ. చూసింది. కాయ పట్టగానే తొడిమ ఊడదీసే వేళ్లకు రాలే పండ్లు ఒక లెక్కా? పదివేలు ఇట్టే దాటేసింది. పట్టాభిరామయ్య మైకులో ఆమె పేరు చదివి, భరిణె చేతిలో పెట్టాడు.

"ఇది నేనేం జేసుకోను బాబాయ్? మేం బొట్టు పెట్టుకోం గదా. మా నాయన మౌలాలీ నీ కొట్టు ముందే గొడుగులు బాగుజేస్తాడు, నీకు తెలవదా?"

మైకు ఆన్‌లోనే ఉంది. తిరునాళ్లంతా గొల్లుమంది.

"మరేం గావాలి నీకు?" అన్నాడు ఆయన, మొహం కందగడ్డ చేసుకొని.

"ఇది నువ్వే ఉంచుకో. విమానాలది ఒక్క ఆట ఆడనియ్యి."

భరిణె మిగులుతుంది, రేడియో ఎటూ పోదు. ఆయన సరేనన్నాడు.

మొదటి విమానం కూలగానే సాబిరాకు భయం పోయింది. బొటనవేలు బటన్ మీద తొడిమలు తీసిన వేగంతోనే ఆడుతోంది. ఏడువేలు. తొమ్మిదివేలు. మిగిలింది ఒక్క ప్రాణం. వెనక, ఆమెతో వచ్చిన కల్లం ఆడవాళ్లంతా మెడలు చాచి చూస్తున్నారు. పదివేల యాభై దగ్గర ఆమె విమానం పేలిపోయింది. పోతే పోనీ, సాబిరాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"మిషన్ చెడిపోయినట్టుంది," అంటూ పట్టాభిరామయ్య తానే బటన్లు నొక్కి చూశాడు, నుదుటి చెమట తుడుచుకున్నాడు, కళ్లు నులుముకున్నాడు. అంతే, కళ్ల వెంట ధారలు కట్టాయి.

"ఏడవమాక బాబాయ్," అంది హన్నమ్మ. "రేడియోనే గదా."

సాబిరా తన వేళ్లు చూసుకుంది. ఎన్నిసార్లు కడిగినా మిరప ఘాటు వాటిని వదలదు. "రుద్దమాక, నీళ్లతో కడుక్కో," అంటూ రేడియో అందుకుంది.

కళ్లు కడుక్కొని ఆయన తిరిగొచ్చేసరికి విమానాల మిషన్ ముందు హన్నమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక కల్లమంతా వరసలో ఉంది.