ముత్యాల గర్భం

బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులు దిద్దే ఆమెను అందరూ క్రీమక్క అనేవారు. పెళ్లయిన చాన్నాళ్లకు నెల తప్పింది. మూడో నెలకే పొట్ట ఐదో నెలంత ఎత్తుగా కనిపించింది. వాంతుల సంగతి చెప్పనలవి కాదు. వెన్న వాసన సోకితే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. అత్తగారు మాత్రం మురిసిపోయింది. కవలలేనని వీధంతా చాటింది.

ఒకరోజు చీరకు నెత్తుటి మరకలు కనిపించేసరికి క్రీమక్క మొగుడికి ఫోన్ చేసింది. స్కూలు వ్యాను నడిపే మొగుడు పిల్లల్ని దించేసి, అదే వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ స్కాన్ చేసింది. తర్వాత తెరను వాళ్ల వైపు తిప్పింది. బిడ్డ ఆకారమే లేదు. తెర నిండా చిన్న చిన్న నీటిబుడగలు, గుత్తులు గుత్తులుగా.

"దీన్ని ముత్యాల గర్భం అంటారమ్మా."

ఎంత మంచి పేరు అనుకుంది క్రీమక్క. మంచి వార్తో చెడ్డ వార్తో తేల్చుకోలేక మొగుడి మొహం చూసింది. అతనూ ఆమె మొహమే చూస్తున్నాడు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి కలిస్తేనే బిడ్డ. ఇక్కడ తల్లి అండం ఖాళీగా ఉండిపోయింది. తండ్రి వంతే లోపలికి చేరి తనను తాను రెట్టింపు చేసుకుంది. ఆ కణం రెండైంది, రెండు నాలుగయ్యాయి, అలా చీలుతూనే పోయాయి. తల్లి వంతు లేనిదే బిడ్డ రూపు కట్టదు. బిడ్డను పోషించాల్సిన మాయ ఒక్కటే అదుపు లేకుండా పెరిగింది. వాంతులు దానివల్లే. వెంటనే గర్భసంచి శుభ్రం చేయాలి. కాస్త మిగిలినా మళ్లీ పెరగొచ్చు, అరుదుగా క్యాన్సరూ కావచ్చు. రక్తపరీక్షలన్నీ అయ్యేదాకా మళ్లీ కడుపు రాకూడదు.

"అయితే నా కడుపులో ఎవరూ లేరా?" అంది క్రీమక్క.

"లేరమ్మా."

"ఎప్పుడూ లేరా?"

"ఎప్పుడూ లేరు. ఇందులో నీ తప్పూ లేదు, అతని తప్పూ లేదు."

అతనికి ఆ మాట చెవికెక్కలేదు. అయితే ఇదంతా నాదేనా అని దారి పొడవునా గొణుక్కుంటూనే ఉన్నాడు.

క్రీమక్క శుభ్రం చేయించుకుని ఇంటికొచ్చాక అత్తగారు ఆమెను చూసి ఏడవబోయి ఆగిపోయింది.

"ఏడవాలో వద్దో కూడా తెలీట్లేదే అమ్మాయ్."

"నాకూ తెలీట్లేదత్తయ్యా."

పక్కింటివాళ్లకు ఏం చెప్పాలో ఇద్దరికీ పాలుపోలేదు. పోయిందందామంటే, పోయిందెవరు? లేదందామంటే, మొన్నటిదాకా ఊదరగొట్టిందేమిటి? చివరికి అత్తగారు ఒంట్లో బాగోలేదని దాటేసింది.

పరీక్ష పరీక్షకూ రక్తంలో గర్భపు హార్మోను అంకె తగ్గుతూ వచ్చింది. కొన్ని నెలలకు డాక్టరమ్మ ఇక ఏమీ మిగల్లేదని చెప్పింది. మొగుడు హమ్మయ్య అనుకుని, ఎన్నాళ్లకో నవ్వాడు. క్రీమక్కా నవ్వింది. మెట్లు దిగుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లీ ఏమైంది?" అన్నాడతను.

"ఏమో. ఏమీ మిగల్లేదంది కదా."

"అది మంచిదేగా?"

"మంచిదే," అంటూ ఆమె మెట్టు మీదే కూలబడింది. అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా వచ్చేపోయేవాళ్లకు కాస్త దారి వదిలి, తనూ పక్కన కూర్చున్నాడు.