ఎలాగూ వచ్చావుగా!

అయ్యా, అమ్మా, మనందరి ఇళ్లలోనూ ఒక మాట ఉంది. కుళాయి బాగుచెయ్యడానికి మనిషిని పిలుస్తాం. పని అయిపోయి అతను సంచి సర్దుకుంటుంటే అంటాం, "ఎలాగూ వచ్చావుగా, ఇది కూడా చూసిపో!" అని. అంటున్నప్పుడు అందులో తప్పేమీ కనపడదు. ఒక ఇంట్లో ఆ మాట ఏం చేసిందో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ ఇంట్లో పగలంతా ఉండేది అత్తాకోడళ్లే. కొడుకు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతాడు. చిన్నాచితకా రిపేర్లన్నిటికీ ఒకే మనిషి వస్తాడు. కుళాయి, గడియ, ఫ్యాను, ఏదైనా అతనే. అందుకే వీధంతా అతన్ని 'అన్ని పనుల అన్న' అంటారు. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి.

ఆ రోజు వంటింటి కుళాయి కారుతోందని పిలిచారు. వస్తూనే చెప్పాడు, "అమ్మా, మధ్యాహ్నం హాస్పిటల్లో పనుంది. ఇదొక్కటీ చేసి వెళ్లిపోతాను."

"సరే అన్నా," అంది కోడలు.

వాషరు మార్చాడు. చుక్క ఆగింది. చేతులు తుడుచుకుంటుంటే కోడలు మొదలెట్టింది. "ఎలాగూ వచ్చావుగా అన్నా, ఈ సొరుగు చూడు, లాగితే ఊడి చేతిలోకొస్తోంది." బిగించాడు. "ఈ కర్టెన్ రాడ్డు కూడా, ఒక్క స్క్రూనే!" ఆ ఒక్క స్క్రూ దగ్గరే గోడ పెచ్చులూడింది. ఆ కంత పూడ్చి, పక్కన ఇంకో బెజ్జం వేసి బిగించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"అమ్మా, నేనిక వెళ్లాలి. హాస్పిటల్లో..."

"ఏం నాయనా, నువ్వు లేకపోతే డాక్టరు పని మొదలుపెట్టనన్నాడా?" మంచం మీంచి అత్తగారు నవ్వింది. "ఎప్పుడు చూసినా మీ పనివాళ్లకి హడావుడే! ఇదుగో, నేను పక్కకి తిరిగితే చాలు, ఈ మంచం వీధంతా లేచేలా కిర్రుమంటోంది. దీని సంగతి చూడు."

"అది కాదు పెద్దమ్మగారూ, మా పాపకి..."

"చిటికెలో పని! మాటల్లో పెట్టి తప్పించుకోకు."

కోడలూ నవ్వింది. చేసేదిలేక అతనూ నవ్వి, మంచం కిందికి దూరాడు. జేబులో ఫోను మోగింది. "వస్తున్నా, వస్తున్నా," అని పెట్టేశాడు. మళ్లీ మోగింది. ఈసారి చేతిలో బోల్టు ఉంది, తియ్యలేదు.

వాళ్లు చెడ్డవాళ్లు కారండీ. వెళ్లేటప్పుడు టీ కూడా ఇచ్చారు. నిలబడే గడగడా తాగేసి పరిగెత్తాడు.

కొన్నాళ్లకి బాత్రూం గడియ పట్టేసిందని మళ్లీ పిలిచారు. ఈసారి నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్ల చెవి వెనక చిన్న మిషను. గరిటతో గిన్నె మీద కొట్టడం, ఆగి వినడం, మళ్లీ కొట్టడం, అదే ఆట.

"పాపకి చెవులు..." అంది కోడలు మెల్లిగా.

"పుట్టినప్పట్నించీ వినపడదమ్మా. ఆపరేషన్ చేశారు. నేను మీ కుళాయి బాగుచేసిన రోజే ఆ మిషను ఆన్ చేసింది." గడియకి నూనె వేస్తూ చెప్పాడు. "మొదట నాన్న గొంతే వినాలని మా ఆవిడ ఆశ. చాలాసేపు ఆగిందట. వెనకాల వరసలో ఇంకా పిల్లలున్నారు, డాక్టర్లు మాత్రం ఎంతసేపని ఆగుతారు? ఆన్ చేసేశారు. ఒక్కసారి చప్పుళ్లన్నీ మీదపడేసరికి పాప జడుసుకుందట. నాన్న ఏడీ అని చేత్తో అడుగుతూ, తలుపు వైపే చూస్తూ ఏడ్చిందట. నేను వెళ్లేసరికి నిద్రపోయింది."

"అయ్యో! ముందే చెప్పొచ్చు కదన్నా! పంపించేవాళ్లం కాదూ?"

అతను గడియ వేసి, తీసి చూశాడు.

"చెప్పాడమ్మా," అంది అత్తగారు. "చెప్పబోతుంటే నేనే పరాచికాలాడి నోరు మూయించాను. మంచం కిర్రుమంటే కొంపలేం మునిగేవి నాయనా?"

"పోనీలెండి పెద్దమ్మగారూ. ఇప్పుడు పిలిస్తే పలుకుతోంది." ఆ మాట ఆవిడ మొహం చూడకుండానే అన్నాడు.

చదివేవాళ్లకి నా మనవి ఒకటే. పనివాడు పనుందంటే మనకి సాకులా వినిపిస్తుంది. మన గుమ్మం ఎక్కాడు కాబట్టి ఆ పొద్దంతా మనదే అనుకుంటాం. ఊడిన సొరుగు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. ఆ పిల్ల బెదిరి ఏడ్చిన మధ్యాహ్నాన్ని ఎవరు తెచ్చిస్తారు? రేపు మీ ఇంటికొచ్చిన మనిషి వెళ్లాలంటే, ఏం పనో అడగండి, చెప్పేదాకా వినండి, పంపించండి.