వకీలుకు ఇవ్వని పని

పెద్ద వంక పొంగి సర్దార్ చింతపండు కొట్టంలోకి నీళ్లు జొరబడిన ఏడు అది. ఎమర్జెన్సీ ఎత్తేసిందీ ఆ ఏడేనని తర్వాత ఎవరో అన్నారు. మా ఊళ్లో మాత్రం వంక ఏడు అంటేనే అందరికీ తెలుస్తుంది.

వంకలో నీళ్లు తగ్గి బండ్లు దాటే పాటికి నా భార్య బయ్యమ్మ కుప్పం పోయింది. అక్కడ ఆమె తమ్ముడు లక్ష్మీపతి ఉన్నాడు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరమే. ఏటా ఆమె గంగ జాతరకు పుట్టింటికి పోయేది, జాతర కాగానే వచ్చేది. ఈసారి జాతర దాటిపోయినా రాలేదు. ఆమె రాలేదు గానీ పుంగనూరు కోర్టు బంట్రోతు వచ్చాడు. ఒక కాగితం చేతిలో పెట్టి వేలిముద్ర వెయ్యమన్నాడు. సంతకం చేస్తానన్నాను. మూడో తరగతి దాకా బడికి పోయినందుకు పేరు రాయడం వచ్చు.

కాగితంలో నా పేరు కనబడింది. ఆమె పేరు కనబడింది. బావి చేను కనబడింది. మిగతాది కోర్టు తెలుగు. తీసుకుని సర్దార్ దగ్గరకు పోయాను. సర్దార్ వంక అవతల చింతపండు వ్యాపారం చేస్తాడు. చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు. కాగితాలు చదవడం అతనికి అలవాటు.

అతను చదివి గడ్డం గీరుకున్నాడు.

"మీ ఇంటామె మనోవర్తి దావా ఏసిందయ్యా. నువ్వు తిండీ గుడ్డా సూడడం లేదంట. బావి చేను ఆమె పేరు మీద రాసియ్యల్లంట."

"యాల?"

"నన్నడిగితే? నువ్వేం జేసినావు?"

"ఏం జేయలేదు."

"ఏమన్నా అన్నావా?"

"ఏమీ అనలేదు."

"అది మాత్రం నిజమేలే భాయ్. నువ్వు ఒక మాట అన్నావంటే మసీదు మీద ఒట్టేసినా ఎవరూ నమ్మరు."

లోపల అతని భార్య గుల్జార్ బీ నవ్వడం వినబడింది.

నేను చాలా ఆలోచించాను. ఆ ఏడంతా వెనక్కు తిప్పుకున్నాను. వంక పొంగిన రోజు అవతలి గట్టున ఎద్దులుంటే విప్పడానికి పోయాను. నీళ్లు పెరిగి ఇవతలికి రాలేకపోయాను. ఆ రాత్రి సర్దార్ కొట్టంలో ఉండి మరునాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. సంగటి పెట్టమన్నాను, పెట్టింది, తిన్నాను. అందులో తప్పేముందో నాకు దొరకలేదు.

సర్దార్ మదనపల్లెలో ముద్దుకృష్ణ అనే వకీలు పేరు చెప్పాడు. బెంగుళూరు బస్టాండు దగ్గర మిద్దె మీద ఆఫీసు. పోయి కాగితం ఇచ్చాను. ఆయన చదువుకుని, గుమాస్తాను పిలిచి జవాబు రాయించడం మొదలుపెట్టాడు.

"భార్య నోటి దురుసు మనిషి. భర్త మాట లెక్కచెయ్యదు. ఏ కారణమూ లేకుండా ఇల్లు వదిలి..."

"ఆపు సామీ."

గుమాస్తా కలం ఆగింది. వకీలు కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఏమైంది?"

"ఆ మాట వద్దు."

"ఏ మాట?"

"ఆమె గురించి ఏ మాటా వద్దు. చేను పని నీకు గుత్తకిస్తాండాను. ఆమె పని నాది."

మా పక్క శెనక్కాయ చేనులో పనంతా ఒకరికే అప్పగించరు. చెట్లు పీకడం ఒక గుంపుకు గుత్త. కాయ కోయడం ఇంకో గుంపుకు. విత్తనాల కాయ మాత్రం ఇంటివాళ్లే కూర్చుని ఏరుకుంటారు. గుత్తకు వచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లైనా విత్తనాల గంపలో చెయ్యి పెట్టరు. మా ఇంట్లో ఆ గంప ముందర బయ్యమ్మ, నేను కూర్చునేవాళ్లం. వకీలు పని కూడా అట్లాగే పంచుకోవచ్చుననుకున్నాను.

వకీలు నవ్వలేదు, కోప్పడలేదు.

"దావా అంటే శెనక్కాయ చేననుకున్నావా, చెంగయ్యా? ఆమె ఎందుకు పోయిందో చెప్పకుండా చేను ఎందుకు ఇవ్వకూడదో నేనెట్లా చెప్పాలి?"

"నాకూ తెలీదు సామీ."

"ఏది?"

"ఆమె యాల పోయిందో."

"పోయి అడగలేదా?"

"లేదు."

"ఎందుకని?"

అడగవచ్చునని నాకు తోచలేదు.

నా మనసులో ఉన్నది వేరే. కోర్టులో నలుగురి ముందర నోటి దురుసు మనిషి అనిపించుకున్నాక బయ్యమ్మ మళ్లీ నా గడప తొక్కదు. బావి చేను ఆమె పేరు మీద పడినా తొక్కదు. ఆమె గింజలు ఆమెకు వస్తుంటే ఇక నా ఇంటితో ఏం పని? కాబట్టి చేను పోకూడదు. ఆ మాటా పడకూడదు. ఇదంతా వకీలుకు చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"ఆమె రావల్ల."

వకీలు గుమాస్తాతో ఆ వాక్యాలు కొట్టెయ్యమన్నాడు.

"సరే. చేను గురించి నేను మాట్లాడతాను. జడ్జి గారు మీ ఇద్దరి సంగతి ఎత్తితే కూర్చుంటాను. అప్పుడు నువ్వే లేచి చెప్పుకో. నోరు పెగల్లేదని నన్ను తిట్టకూడదు. ఇట్లాంటి గుత్త నేనెప్పుడూ పట్టలేదు."

వాయిదా నాడు పుంగనూరు కోర్టు వరండాలో బయ్యమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. చిక్కింది. చేతుల నిండా గాజులు వేసుకుంది. ఆమెకు గాజుల మీద మోజు ఎప్పుడూ లేదు. పనికి అడ్డమని చేతికి రెండు మించి వేసుకునేది కాదు. ఇన్ని ఎందుకు వేసుకుందో అర్థం కాలేదు. పక్కన లక్ష్మీపతి నిలబడి ఉన్నాడు.

"ఏం బావా," అన్నాడు. "ఈ పొద్దన్నా నోరు తెరుస్తావా? లేదంటే తాళంచెవి కుప్పంలో మరిసొచ్చినామా?"

"ఊరుకోరా," అంది బయ్యమ్మ. నా వైపు చూడలేదు.

లోపలికి పిలిచారు. ముద్దుకృష్ణ గారు చేను గురించి చాలా మాట్లాడాడు. నా తండ్రి పేరు వచ్చింది, బావి లోతు వచ్చింది, ఏవో సెక్షన్లు వచ్చాయి. కుప్పం నుంచి వచ్చిన వాళ్ల వకీలు ఆంజనేయులు లేచి దానికి ఎదురు చెప్పాడు. ఎవరిది పైచేయో నాకు తెలియలేదు. ఒకరు కూర్చుంటే ఒకరు లేస్తున్నారు. జడ్జి గారు రాసుకుంటున్నారు. కాసేపటికి తల ఎత్తి అడిగారు.

"ఇదంతా సరే. అసలు ఈమె ఇల్లు ఎందుకు వదిలింది? దాని మీద మీ జవాబులో ఒక్క ముక్కా లేదేం?"

ముద్దుకృష్ణ గారు గొంతు సవరించుకున్నాడు.

"ఆ భాగం నన్ను ముట్టుకోవద్దన్నాడండి. అది తనే చెప్పుకుంటాడట."

జడ్జి గారు రెండో వకీలు వైపు తిరిగారు. "మీ దావాలో కూడా తిండీ గుడ్డా తప్ప ఏమీ లేదు. మీరు చెప్పండి."

ఆంజనేయులు లేచి నిలబడి ఇబ్బందిగా నవ్వాడు.

"మా పార్టీ కూడా అదే మాట అందండి. తిండీ గుడ్డా సంగతే నా పని. ఇద్దరి మధ్య సంగతి నేనెత్తితే దావా వాపసు తీసుకుంటానంది."

"అంటే చేనుకు ఇద్దరు వకీళ్లు ఉన్నారు, కాపురానికి ఒక్కరూ లేరన్నమాట," అన్నారు జడ్జి గారు.

కోర్టు హాలంతా నవ్వింది. బంట్రోతు నిశ్శబ్దం అని అరిచాడు. నేను బయ్యమ్మ వైపు చూశాను. ఆమె మొదటిసారి నా వైపు చూసింది. నేను చేసిన పనే ఆమె కూడా ఎందుకు చేసిందో నాకు తెలియలేదు. ఎవరన్నా చెప్పారా అంటే, నేను వకీలుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"చెప్పవయ్యా," అన్నారు జడ్జి గారు. "నీ భార్య ఎందుకు పోయింది?"

లేచాను. చేతులు కట్టుకున్నాను.

"తెలీదు సామీ."

"అంతేనా?"

"అంతే సామీ."

వెనక మళ్లీ నవ్వారు. ముద్దుకృష్ణ గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. జడ్జి గారు బయ్యమ్మను లేవమన్నారు. ఆమె లేచి, నా వైపు కాకుండా జడ్జి గారి వెనక గోడ వైపు చూస్తూ చెప్పింది.

"వంక పొంగిన పొద్దు ఈ మనిషి తువ్వాలు భుజానేసుకోని బయటికి పోయినాడు సామీ. యాడికని సెప్పలేదు. ఎప్పుడూ సెప్పడు. పొద్దు గూకె. రాలేదు. వంక మోత ఇంట్లోకి ఇనబడతాండె. తెల్లారినాక ఎవురో తువ్వాలు తెచ్చిరి, తుమ్మకంపకు తగులుకోని ఉండెనని. పక్కింటి తిమ్మక్క వచ్చె. ఇంకా ముసలోళ్లు వచ్చిరి. ఎవురూ ఏడవలేదు సామీ. ఏమీ అనలేదు. నా పక్కన కూసోని నా సేతుల తట్టు సూస్తాండిరి."

కొంగు లాగి చేతుల మీద కప్పుకుంది.

"గాజుల తట్టు," అంది.

ఎవరూ నవ్వలేదు.

"మద్యానానికి ఈ మనిషి వచ్చె. యాడికి పోయింటివి అంటి. ఆడికే అనె. సంగటి పెట్టమనె. పెడితిని. తినె. సెయ్యి కడుక్కోని ఎద్దులకు గడ్డి ఏసేదానికి పాయె."

"ఇది దావాలో ఎందుకు రాయించలేదమ్మా?"

"అది వకీలు నోట్లో పడే మాట కాదు సామీ."

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చిన మనిషికి అట్లాంటి మాట చెప్పరు మరి. నేను వంక దాటి ఇల్లు చేరిన మరునాడు తిమ్మక్క ఒక చెంబు మజ్జిగ తెచ్చి నాకిచ్చింది. గోడ పక్క గోడే అయినా అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు. తాగి చెంబు ఇచ్చేశాను. ఎందుకని అడగలేదు.

"ఇప్పుడన్నా చెప్పు," అన్నారు జడ్జి గారు. "ఆ రోజు ఎక్కడికి పోయావు?"

నేను జడ్జి గారికి చెప్పాలా, ఆమెకు చెప్పాలా తెలియలేదు. ఇద్దరికీ మధ్యన నేలను చూస్తూ చెప్పాను.

"ఎద్దులు అవతలి గట్టున ఉండె సామీ. తాడు తెంపుకోలేవు. విప్పను పోతి. వంకలో తువ్వాలు కొట్టుకోని పాయె. విప్పి మిట్టకు తోల్తి. తిరిగొచ్చేదానికి కాలేదు. సర్దార్ కొట్టంలో నీళ్లు జొరబడె. చింతపండు మూటలు ఇద్దరం అటక మీదికి ఎత్తితిమి. చలి పెట్టె. గుల్జార్ బీ టీ ఇచ్చె. మూటల మీద పడుకుంటి. వంక తగ్గినాక ఇంటికొస్తి."

నా జీవితంలో అంత పొడుగు ఎప్పుడూ మాట్లాడలేదు. అయ్యాక కూర్చోవాలో నిలబడాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

జడ్జి గారు కలం మూత పెట్టారు. "ఈ భాగానికి వకీళ్లు వద్దన్నారు గనుక మీరిద్దరే మాట్లాడుకుని రండి. చేను సంగతి ఆ తర్వాత చూద్దాం." వాయిదా వేశారు.

బయటికి వచ్చి ముద్దుకృష్ణ గారిని అడిగాను.

"గెల్చినామా సామీ?"

"నా పని ఇంకా సగంలో ఉంది. నీ పని ఎంత దాకా వచ్చిందో నువ్వే చెప్పాలి," అని ఆయన మదనపల్లె బస్సు కోసం పరుగెత్తాడు.

ఎంత దాకా వచ్చిందో నాకేం తెలుస్తుంది? బయ్యమ్మ, లక్ష్మీపతి బస్టాండు వైపు నడుస్తుంటే వెనకాలే నడిచాను. కుప్పం పోవడానికి పలమనేరు బస్సు ఎక్కి ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. ఏమన్నా చెప్పాలని ఉంది. ఉన్నదంతా కోర్టులో అయిపోయింది.

ఆమే అడిగింది.

"గుల్జార్ బీ టీలో సక్కెర ఏసిందా, బెల్లమా?"

"బెల్లం."

"పొడిగుడ్డ ఇచ్చిరా?"

"సర్దార్ లుంగీ ఇచ్చినాడు."

"పంచె తప్ప కట్టవు, నీకు లుంగీనా!" అని, అవతలి పక్కకు తిరిగిపోయింది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో కనబడలేదు. లక్ష్మీపతి ముఖం చూస్తే తెలుస్తుందేమోనని చూశాను. అతనూ నాలాగే ఆమె వైపు చూస్తున్నాడు. బస్సు కదిలింది.

టీలో బెల్లం వేస్తేనేం, చక్కెర వేస్తేనేం? దోవ పొడుగునా దాన్నే ఆలోచిస్తూ ఇల్లు చేరాను. చేను గురించి ఇంత మంది ఇంతసేపు మాట్లాడిన రోజున ఆమె చేను మాట ఎత్తనే లేదు.

మరునాడు తెల్లవారుతూనే ఎద్దులకు నీళ్లు పెట్టి, గడ్డి వేసి, ఉతికిన పంచె కట్టుకున్నాను. తలుపు గొళ్లెం వేశాను. తిమ్మక్క వాకిట్లో కసువు చిమ్ముతోంది. ఆమె ముందుకు పోయి నిలబడ్డాను.

"తిమ్మక్కా, కుప్పం పోతాండాను."

ఆమె పరక పట్టుకుని నడుం ఎత్తింది.

"పొద్దు గూకేలోపు వస్తా. రాకపోతే లక్ష్మీపతి ఇంట్లో ఉండానని."

"నాకు యాల సెప్తాండావప్పా?"

"ఊరికే."

నడిచాను. వీధి మలుపు దాకా పోయి తిరిగి చూస్తే ఆమె అట్లాగే పరక పట్టుకుని నిలబడి ఉంది. వెనక్కు వచ్చాను.

"పలమనేరు మీద పోతా," అని చెప్పి, బస్సుకు పోయాను.