ముల్లు నిలిచిన రోజు

పొద్దున్నే కొట్టు తెరవగానే అత్తగారు త్రాసు పళ్లేలు తుడిచేది, కోడలు బస్తాల మూతులు విప్పేది. కోడలికి తొమ్మిదో నెల. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా కొట్లో త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగేది. ఐదో నెల నుంచీ అదే వరస. తూకం మధ్యలో ముల్లు ఊగితే, బిడ్డ సర్దుకునేదాకా జనం ఓపిగ్గా నిలబడేవాళ్లు.

అనుమానాలమ్మ మాత్రం ఆ ముల్లుకి కాపలా కాసేది. కొన్న ప్రతి పొట్లాన్నీ ఇంటికెళ్లి మళ్లీ తూచుకునే రకం ఆవిడ. బిడ్డ తన్నడం నిజమే కావచ్చు, సరిగ్గా నా పప్పు తూచేటప్పుడే ఎందుకు తన్నాలి అని ఆవిడ గొడవ. ఆవిడంటే అత్తగారికి ఒళ్లుమంట. పుట్టకముందే పసిగుడ్డుకి దొంగతనం అంటగట్టింది మరి.

ఆ రోజు ముల్లు కదల్లేదు. తూకాలు చకచకా సాగుతుంటే అత్తగారు మురిసిపోయి, ఇవాళ బుద్ధిగా పడుకున్నట్టుందని కోడలితో అంది. కోడలు నవ్వలేదు. నిన్న సాయంత్రం నుంచే కదలిక తగ్గినట్టు ఆమెకి అనిపిస్తోంది. నెలలు నిండితే చోటు చాలక కదలరని కొట్టుకి వచ్చినవాళ్లంతా చెప్పారు. నమ్మాలనే చూసింది గానీ భయం పోలేదు.

మధ్యాహ్నం అనుమానాలమ్మ వచ్చి పప్పు అడిగింది. ముల్లు నిటారుగా నిలబడింది. ఆవిడ వంగి ముల్లుని చూసింది, తర్వాత కోడలి ముఖం చూసింది.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"పొద్దుట్నించీ. ఇవాళైనా నీ మనసు కుదుటపడిందా వదినా?" అంది అత్తగారు.

"లేదు. నాలుగు నెలలుగా నేనొచ్చిన ప్రతిసారీ ఊగింది. ఇవాళెందుకు ఊగదు?"

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తయ్యా, కదలిక తగ్గితే ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చెయ్యమని నర్సమ్మ చెప్పింది."

అత్తగారు పప్పుని పళ్లెంలోనే వదిలేసింది. కొట్టుని అనుమానాలమ్మకే అప్పగించి, కోడల్ని ఆటో ఎక్కించింది.

బిడ్డ గుండె నెమ్మదించిందని ఆసుపత్రిలో అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి ఆడపిల్లని బయటికి తీశారు. మాయ నుంచి బిడ్డకి అందాల్సింది సరిగా అందడం లేదని, రేపు చూద్దాంలే అనుకునుంటే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. అత్తగారు గోడకి చేరగిలబడి ఏడ్చింది.

కాసేపటికి నర్సు పాపని తూకానికి పెట్టింది. ముల్లు ఊగుతూనే ఉంది. కాళ్లు పట్టుకున్నా ఆగలేదు. ఇలాగైతే బరువెంతని రాసుకోను అని నర్సు విసుక్కుంది.

"ఊగనివ్వమ్మా," అంది అత్తగారు. "ఉజ్జాయింపుగా రాసుకో."