పీకని మూల

“ఏందే, పొద్దంత నీళ్లల్ల ఆడుకోనొచ్చినవా?” అంటూ అత్త సోమమ్మ బుట్ట బోర్లించింది. గుప్పెడు నత్తగుల్లలు కూడా రాలలేదు. “నీ చేతిల బర్కత్ లేదు” అని తేల్చేసింది.

బర్కత్ లేదట, పట్టింది పెరగదట! ఉప్పలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎండాకాలం గాదె అడుగంటితే ఇంట్లో కూరంటే ఆ గుల్లలే. శబరి ఏటి మడుగులో నడుములోతు నీళ్లలో నిలబడి ఏరేది తను, పగలగొట్టి కడిగి వండేది తను. ఏరిన చేతికి మిగిలేది కుండ అడుగు పులుసు. పోయిన ఎండల్లో జగదల్‌పూర్ నుంచి రాజుగారి మనుషులు ఊళ్ల తనిఖీకి దౌరాకొస్తున్నారు, వాళ్లకు చేపలు పెట్టాలన్నారు. నీటిగడ్డి ఉంటే వల చిక్కుకుంటుందని ఊరి ఆడవాళ్లందరినీ మడుగులోకి దింపారు. నడుములు పడిపోయేలా గడ్డి పీకింది ఆడవాళ్లు, వల లాగి మీసాలు దువ్వుకున్నది మగవాళ్లు. ఆ రోజు జ్వరంతో వణుకుతూ గట్టు కింద మూల ఒకటి పీకకుండా వదిలేసి ఒడ్డెక్కింది ఉప్పలమ్మ. “దీనికి ఒళ్లొంగదు, తిండికైతే ముందుంటది” అన్నాడు మొగుడు రామనర్సయ్య, అందరూ వినేట్టు. అందరూ నవ్వారు కూడా. తను ఎప్పుడు ముందు తిన్నదో ఒక్కరైనా చెప్తే బాగుండును!

మర్నాడు మళ్లీ మడుగులో దిగింది. కాళ్ల కింద అంతా బోడి ఇసుక. ఎంత దేవినా ఏమీ తగల్లేదు. విసుగొచ్చి, ఆ పీకని మూల గడ్డిలో చెయ్యి పెట్టి ఒక పోచ పైకి తీసింది. ఓయమ్మో! ఆకు నిండా ఆవగింజలంత పిల్లగుల్లలు! ఇంకో పోచ తీసింది, దానికీ అంతే.

“బుధ్రీ! ఓ బుధ్రీ! ఉరికి రాయే!”

పక్కింటి బుధ్రి పామనుకుని కర్ర పట్టుకొచ్చింది. వచ్చి చూసి కర్ర పడేసి తనూ దిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా మడుగంతా తిరిగారు. గడ్డి ఒత్తుగా ఉన్నచోట పిల్లగుల్లలు కుప్పలు. పలచగా ఉన్నచోట ఒకటీ అరా, అవి కూడా మొదళ్లలో దాక్కుని. బోడి ఇసుకలో ఒక్కటీ లేదు. ఉప్పలమ్మ గుప్పెడు ఇసుక తీసి బోడిచోట వదిలితే నీళ్లు లాక్కుపోయాయి. గడ్డిలో వదిలితే మెల్లగా అక్కడే దిగింది. “జూసినవా! ఈడ నీళ్ల జోరు తగ్గుతుంది. పిల్లలు కొట్టుకపోతలేవు, తినే చేపలు జొరబడతలేవు” అంది. బర్కత్ తన చేతిలో లేకపోవడం కాదు, ఆ చేతులతోనే గుల్లల ఇల్లు పీకించారు! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు.

సాయంత్రం కంచం ముందు కూర్చుంటూ రామనర్సయ్య అన్నాడు: “దౌరా మళ్లొస్తుంది. రేపు గడ్డి పీకాలె. ఈసారి ఆ మూల గూడ ఒదలకు.”

“ఆ గడ్డిలనే గుల్లలు పెరుగుతున్నయయ్యా. అది పీకితే మడుగుల ఇంక గుల్ల ఉండదు. పిల్లలకేం బెడదాం?”

“ఏటి సంగతి నువ్వు నాకు జెప్తవా? కూడు బెట్టు.”

కూడు పెట్టింది. పొద్దున నీళ్లకు పోయే దారిలో బుధ్రీ తనూ ఆడవాళ్లందరికీ ఆ పోచలు చూపించారు. పిల్లగుల్లలను వేలితో తాకి ఒక్కొక్కరి మొహం వెలిగిపోతుంటే ఉప్పలమ్మకు నేల మీద కాలు నిలవలేదు.

మగవాళ్లు వల భుజాన వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. ఆడవాళ్లు మడుగులో దిగారు. ఉప్పలమ్మ ఆ పీకని మూలలో అక్కడొకటి ఇక్కడొకటి వేళ్లతో సహా గడ్డి తీసి, కట్టలు కట్టి అందరికీ అందించింది. తర్వాత బోడి ఇసుక మీద వరసగా నిలబడ్డారు. వరినాటు ఎరిగిన చేతులు కదా, వంగిన నడుము ఎత్తకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ మొదళ్లు ఇసుకలో గుచ్చసాగారు. ఎవరో నాటుపాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు.

“ఏందే అది! పీకుమంటే నాటుతున్నవేందే? వల చిక్కుకుంటది!” రామనర్సయ్య గట్టు మీంచి గొంతు చించుకున్నాడు.

ఉప్పలమ్మ ఇంకో మొదలు గుచ్చి, తలెత్తకుండానే అంది:

“అయితే నువ్వే దిగి పీక్కో. నాకు ఒళ్లొంగదు గదా!”