చావాల్సిన సాలు

సోమవారం పొద్దున గేటు తీసి మడిలకు పోయిన. నాలుగో సాలు పచ్చగ నిలబడి ఉన్నది.

అది పచ్చగ ఉండొద్దు. శుక్రవారం చూసినప్పుడు ఆ సాలుల నలభై కంది చెట్లకు ముప్పై ఎనిమిది ఎండిపోయి ఉన్నయి. నేనే లెక్కబెట్టి రిజిస్టర్‌ల గీతలు గీసిన. శని, ఆదివారాలు మా ఇంటామె లచ్చమ్మను కంటి ఆపరేషన్‌కు దవాఖానకు తీస్కపోయిన. రెండు దినాలల్ల చచ్చిన చెట్లు లేచి పూత పూసినయా?

ఇది కోకాపేటల మా విత్తనాల కంపెనీ మడి. చుట్టూ నలభై యాభై అంతస్తుల బిల్డింగులు లేసినయి గని ఈ ముప్పావు ఎకరం అట్లనే ఉన్నది. పద్నాలుగేండ్ల నుంచి దీన్ని నేనే చూస్తున్న. అందరు భూమిని బాగుచేస్తరు. నా పని చెడగొట్టుడు. ఎండు తెగులుతోని చచ్చిన కంది కట్టెను ఏటేటా ముక్కలు కొట్టి, మడంత చల్లి, దున్నిపిస్త. మొదటి మూడేండ్లు తెగులు సరిగ్గ పట్టలే. ఒక మూలన చెట్టు చచ్చేది, ఇంకో మూలన బతికేది. ఇప్పుడు ఏ మూలన గింజ పెట్టినా తెగులు ఇడ్సిపెట్టదు. కంపెనీల కొత్త రకం ఏది తయారైనా ముందు ఈడ ఏసి చూస్తరు. ఈడ నిలబడితెనే రైతు చేనుకు పంపాలె.

ప్రతి మూడు కొత్త సాళ్లకు ఒక సాలు పాత రకం ఏస్తం. తెగులుకు అసలే ఆగని రకం, తెలిసే ఏస్తం. మేం దాన్ని చావు సాలు అంటం. అది చస్తెనే ఆ మట్టిల రోగం ఉన్నట్టు. అప్పుడే పక్క సాలు బతికినదానికి విలువ. చావు సాలే పచ్చగ ఉంటే పక్కది పచ్చగ ఉండి ఏం ఫాయిదా?

ఐదో సాలు దిక్కు చూసిన. అది నలభై ఒకటో నంబరు, ఈ ఏడు కంపెనీ బయటికి తేవాలనుకుంటున్న కొత్త కంది. శుక్రవారం నాటికి దాంట్ల పదకొండు చచ్చినయి. ఇప్పుడు ఒక్క సందు లేదు. నలభైకి నలభై నిలబడ్డయి.

కూలి పనికొచ్చే రజిత పైపుతోని నీళ్లు పెడుతున్నది. ఈ మడికి ఈ కాలంల నీళ్లే పెట్టం.

"ఏంది రజితా ఇది?"

"నన్నడుగుతవేంది కాకా? శనివారం ట్రాలీల తెచ్చిర్రు. ప్రవీణ్ సార్ దగ్గరుండి ఎండినయన్ని పీకిచ్చి ఇవి నాటిపిచ్చిండు. పొద్దుమాపు నీళ్లు పెట్టుమన్నడు. బుధవారం దాక తల వంచొద్దంట."

"యాడియి?"

"నెట్‌హౌస్‌ల నల్ల కవర్లల్ల పెంచుతరు జూడు, విత్తనానికి. అవే." పైపు పక్కకు వంచి నవ్వింది. "బోడి తలకు సవరం కట్టినట్టున్నది గద కాకా?"

నాకు నవ్వు రాలే.

పదకొండింటికి ప్రవీణ్ సార్ కారు వచ్చింది. ఆయన అమ్మకాల హెడ్డు. మా కంపెనీకి వచ్చి ఏడాదైంది. అంతకుముందు ఫ్లాట్లు అమ్మిండు. వస్తనే ఫోనుతోని సాళ్లను ఫొటోలు తీసుడు మొదలుపెట్టిండు.

"సార్, చావు సాలు పీకిపిచ్చిర్రట."

"ఆ ఐలయ్యా, చూసినవా? ఎట్లున్నది లుక్కు?"

"అది చావాల్నే సార్."

"బుధవారం తాండూరు దిక్కు నుంచి రెండు బస్సుల రైతులొస్తున్నరు. ఫీల్డ్ డే. వాళ్లకు ఎండిన కట్టెలు చూపిస్తమా? సాంపిల్ ఫ్లాట్ చూపిచ్చేటోడు గోడ పగుళ్లు చూపిస్తడా?"

"నలభై ఒకటిల పదకొండు చచ్చినయి సార్. వాటి జాగల గూడ కవర్ చెట్లు పెట్టిర్రు."

ఫోను జేబుల పెట్టుకున్నడు. "నీకెందుకయ్యా గా ముచ్చట? ఆకు తీసి ల్యాబ్‌ల చూసిర్రు. తెగులును ఆపే జీన్ ఉన్నదని తేలింది. మిషన్ చెప్పినంక ఇగ చెట్టు చెప్పేదేంది?"

చెట్టు చెప్పేదేంది అంట! మరి ఈ మడి ఎందుకు? పద్నాలుగేండ్లు నేను ముక్కలు కొట్టింది ఎందుకు? ఇవన్ని నోటిదాక వచ్చినయి. ఒక్కటి గూడ బయటికి రాలే.

"ఇంకోటి," అన్నడు. "ఆ రిజిస్టర్ పక్కకు పెట్టు. కొత్తది తెప్పిస్త, దాంట్ల నీట్‌గ రాయి. శుక్రవారం పేజీ వద్దు."

"రాయ సార్."

నా మొహం దిక్కు చూసిండు. నేను కాదంటనని అనుకోనట్టున్నది. తర్వాత నవ్విండు.

"సరే, రాయకు. ఎట్లాగు నువ్వు నోరు తెరిచేటోనివి గాదు. బుధవారం గూడ గట్లనే నిలబడు. గంతే నీ పని."

భుజం తట్టి కారెక్కిండు. పద్నాలుగేండ్లల్ల నా పని ఏందో నాకు ఇంకొకలు చెప్పింది అదే మొదటిసారి.

మధ్యాహ్నం రిజిస్టర్‌ను సంచిల పెట్టుకొని షేర్ ఆటోల హైటెక్ సిటీకి పోయిన. మా కంపెనీ ల్యాబ్ ఆడ అద్దాల బిల్డింగ్‌ల ఆరో అంతస్తు. కింద సెక్యూరిటీ నా మడి పాస్ చూసి, ఇది ఈడ చెల్లదన్నడు. అర్ధ గంట నిలబెట్టిండు. ఫోన్ చేస్తే నీహారిక మేడమే కిందికొచ్చింది.

నలభై ఒకటిని తయారుచేసింది ఈ మేడమే. కాకినాడ దిక్కు మనిషి. ఎనిమిదేండ్ల కింద పొద్దుపొద్దున వచ్చి, కంది మొగ్గను సన్న పట్టకారుతోని విప్పి, ఇంకో చెట్టు పుప్పొడి అద్ది, ఎర్ర దారం కట్టేది. దారం చుట్ట పట్టుకొని పక్కన నిలబడింది నేను.

"ఐలయ్య గారూ, ఇంత దూరం వచ్చారేంటండి? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా?"

శుక్రవారం పేజీ తీసి చూపిచ్చిన. గీతలన్ని వేలుతోని లెక్కబెట్టుకున్నది. మళ్లొకసారి లెక్కబెట్టింది.

"పదకొండా? నాకొచ్చిన రిపోర్టులో సున్నా అని ఉందండి!"

పీకుడు, నాటుడు, నీళ్లు పెట్టుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆమె పక్కనున్న సోఫాల కూలబడ్డది.

"జీన్ ఉన్నమాట నిజమేనండి. కానీ అది ఒక రకం తెగులునే ఆపుతుంది. మన మడిలో ఇంకో రకం కూడా చేరిందని నా అనుమానం. రెండేళ్లు ఆగి చూద్దామని రాసిచ్చాను. అందుకా బుధవారం నన్ను బెంగుళూరు మీటింగుకి వేశారు!"

"మీరు రైతులకు చెప్పుండ్రి మేడం."

"పైవాళ్లందరికీ మెయిల్ పెడతానండి. ఈరోజే పెడతాను."

మెయిల్ అంట. పైవాళ్లు అది తెరిచి చదివేసరికి విత్తనానికి రైతుల పేర్లు రాసుకునుడు అయిపోతది. ఎనిమిదేండ్లు మొగ్గలు విప్పిన మనిషి, తన చెట్టు పేరు మీద అబద్ధమాడుతుంటే మెయిల్ పెడతదంట. ఆమె మీద గూడ కోపమొచ్చింది. కానీ ఆమె వేలు ఇంక ఆ గీతల మీదనే ఉన్నది. రిజిస్టర్ ఆమె ఒళ్లె పెట్టి, "మీ కాడ ఉంచుకోండ్రి," అని వచ్చేసిన.

ఆటోల ఉండంగనే మా బిడ్డ నవనీత ఫోన్ చేసింది. దాన్ని తాండూరు దగ్గర ఇచ్చినం. మూడెకరాల కంది ఏస్తరు. పోయినేడు పూత మీద ఉండంగ చేను సగం ఎండిపోయింది. అప్పుడు నేను రెండు దినాలు సెలవు పెట్టి పోయి చూసొచ్చిన.

"నాయినా, బుధవారం నేను గూడ వస్తున్న! మీ కంపెనోళ్లే బస్సు పెట్టిర్రు."

"ఎందుకు బిడ్డా?"

"ఎందుకంటవేంది? మీ నలభై ఒకటి చూసేటందుకు. ప్రవీణ్ సార్ మా ఊర్ల మీటింగ్ పెట్టి చెప్పిండు గద. 'మీ నవనీత వాళ్ల నాయిననే ఆ మడి చూస్తడు, ఇగ మీకు ఫికరేంది' అన్నడు. ఊరంత ఏస్తమంటున్నరు. పేర్లు ఆడనే రాసుకుంటరంట."

నేను సెలవడిగిన ముచ్చట ఆయన యాది పెట్టుకున్నడన్నమాట. నన్ను అడగకుండనే ఊరికి నన్ను జమానతు పెట్టిండు. అప్పుడు సమజైంది, బుధవారం నేను ఊకె నిలబడుడు అంటే ఏందో. నేను నోరు మూసుకొని నిలబడితే చాలు, ఐలయ్య హామీ ఇచ్చినట్టే. దాని మీదనే నా బిడ్డ మూడెకరాల్ల నలభై ఒకటి ఏస్తది. మళ్లొచ్చే ఏడు పూత మీద ఫోన్ చేసి ఏడుస్తది.

"నాయినా, ఉన్నవా?"

"ఉన్న. రా."

బుధవారం మడి పక్కన షామియానా ఏసిర్రు. పెద్ద ఫ్లెక్సీ కట్టిర్రు, దాని మీద నలభై ఒకటి బొమ్మ, ఎండు తెగులుకు ఇగ సెలవు అని రాసి. టేబుల్ మీద పేర్లు రాసుకునే కాయితాలు. పది గంటలకు రెండు బస్సులు వచ్చినయి. ఆడోళ్లు, మొగోళ్లు కలిసి ఎనభై మంది దాక దిగిర్రు. నవనీత కొత్త చీర కట్టుకొచ్చింది. పక్కోళ్లకు నన్ను చూపిస్తున్నది.

ప్రవీణ్ సార్ మైకు పట్టుకొని అందర్ని సాళ్ల నడుమకు తీసుకొచ్చిండు. రజిత తెల్లారకముందే నీళ్లు పెట్టింది. చెట్లు తలెత్తుకునే ఉన్నయి.

"ఇది రోగం మడి. దేశంల ఉన్న తెగులంత ఈ మట్టిల ఉన్నది. చూసుకోండ్రి, ఒక్కటి చచ్చిందా?"

ముందు వరుసల తువ్వాల చుట్టుకున్న ముసలాయన ఒకడు సాలు పొడుగూత చూసుకుంట నడిచి మళ్లి వచ్చిండు. వచ్చి అడిగిండు: "సారూ, రోగం మడి అంటున్నవు. మరి చచ్చినయేవి?"

"చచ్చేది లేనే లేదు పెద్దాయనా! అదే మన నలభై ఒకటి!"

"మందు గొట్టని చేనుల చీడ లేదంటే, చీడ రాలేదనుకోవాల్నా, చెట్టు గట్టిదనుకోవాల్నా? చచ్చిందొకటి పక్కనుంటే తెలుస్తది గద. అందుకడిగిన."

ఆ మాట విని నా గుండె చల్లబడ్డది. చదువుకున్నోళ్లకు పట్టనిది ఆయన ఒక్క చూపుల పట్టిండు.

ప్రవీణ్ సార్ నవ్వు తగ్గలే. "నా మాట ఎందుకు? మీ నవనీత నాయిన ఈడనే ఉన్నడు. పద్నాలుగేండ్ల నుంచి చూస్తుండు. ఆయన మొహం చూస్తే తెలుస్తలేదా? ఏం ఐలయ్యా?"

ఎనభై మంది నా దిక్కు తిరిగిర్రు. నవనీత నవ్వుతున్నది.

నేను నాలుగో సాల్లకు పోయి ఒక చెట్టు మొదలు పట్టుకొని గుంజిన. నిలువెత్తు కంది చెట్టు, ముల్లంగి గడ్డ ఊడొచ్చినట్టు ఒక్క చేతికే వచ్చింది. వేరుకు గుండ్రటి ముద్ద. మా నల్లమట్టి మడిలకెళ్లి వచ్చిన చెట్టుకు ఎర్ర మట్టి, కొబ్బరి పొట్టు. డబ్బాల పోసి బోర్లించినట్టున్నది. తెచ్చి ముసలాయన కాళ్ల కాడ పెట్టిన.

ఆయన వంగి వేలుతోని పొడిచి చూసిండు. "కవర్ల పెంచింది గదరా ఇది!"

ఐదో సాల్ల ఇంకోటి గుంజిన. అది గూడ అంతే. దాని పక్కన పెట్టిన.

"ఐలయ్యా, ఏం చేస్తున్నవు? ఇడ్సిపెట్టు!" మైకు ఇంక ఆయన చేతులనే ఉన్నది. మాట పోయి బిల్డింగులకు తాకి మళ్లొచ్చింది.

మూడోది, నేను శుక్రవారం గుర్తుపెట్టుకున్న చెట్టు. అసలు నలభై ఒకటి. కింది ఆకులు వాడినయని అప్పుడే రాసుకున్న. ఇది ఊకె రాలే. రెండు చేతులు ఏసి, కాలు తన్ని పెట్టి గుంజితే వచ్చింది. కొడవలి తీసి మొదలు కాడినుంచి నిలువున చీల్చిన. పైన పచ్చది. లోపల సిరాతోని గీసినట్టు నల్ల చార, మొదలు నుంచి మూరెడు ఎత్తు.

అది ఎండు తెగులేనని ఎవ్వలకు చెప్పే పని లేదు. వాళ్లందరు తమ చేన్లల్ల చీల్చి చూసుకున్నోళ్లే. తెచ్చి నవనీత చేతుల పెట్టిన. దాని మొహంల నవ్వు పోయింది.

"నలభైట్ల పదకొండు చచ్చినయి," అన్న. "శనివారం పీకిపిచ్చి వాటి జాగల ఇవి నాటిర్రు. ఇది పన్నెండోది."

తర్వాత ముసలాయన తువ్వాల దులిపి అడిగిండు.

"సారూ, మూడెకరాలకు ఎన్ని కవర్లు పడ్తయి? చచ్చినప్పుడల్ల మార్చుకుందాం!"

ఆడోళ్లు కొందరు ఫక్కున నవ్విర్రు. నవ్వు అయిపోయినంక అసలు మొదలైంది. "మమ్ముల బస్సెక్కిచ్చి తెచ్చింది గిందుకా?" అని ఒకామె. "పోయినేడు నా చేను ఎండింది, ఈయేడు నువ్వు ఎండబెట్టేటోనివి," అని ఒకాయన. టేబుల్ కాడికి పోయి, అప్పటికే పేర్లు రాసిచ్చినోళ్లు కాయితాలు గుంజుకొని చింపిర్రు. ప్రవీణ్ సార్ మైకుల ల్యాబ్ గురించి, జీన్ గురించి చెప్తనే ఉన్నడు. వినేటోళ్లు లేరు.

చెప్పేస్తే నా కోపం అయిపోతదనుకున్న. అయిపోలే. ఈ నాలుగు మాటలు చెప్పేందుకు నేను మూడు చెట్లు పీకాల్సొచ్చింది. ఆ రెండు సాళ్ల లెక్క ఈ ఏటికి చెడిపోయింది. ఎవ్వలు తెచ్చిస్తరు దాన్ని?

ప్రవీణ్ సార్ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపిండు. "పాస్ ఇయ్యి. రిజిస్టర్ గూడ."

పాస్ తీసిచ్చిన. "రిజిస్టర్ నీహారిక మేడం కాడ ఉన్నది."

ఆయన మొహం అప్పుడు మారింది. ఫోను తీసుకుంట కారు దిక్కు పోయిండు.

నేను గోడ వెనకకు పోయిన. శనివారం పీకిన చచ్చిన చెట్లన్ని ఆడ చెత్తల పడేసిర్రు. వాటి మీద ఇయ్యాల టిఫిన్ తిన్న ప్లేట్లు. ప్లేట్లు తీసి పక్కకు పెట్టి, కట్టెలను రెండు మోపులు కట్టి మడిలకు తెచ్చి, కూసోని ముక్కలు కొట్టుడు మొదలుపెట్టిన. ఇవి మట్టిల పడకుంటే మళ్లొచ్చే ఏటికి ఆ జాగల తెగులు పలచబడ్తది. ఇంకో మేడం ఇంకో రకం తెచ్చి ఏస్తే, అది నిజంగ బతికిందా ఊకెనే బతికిందా తెల్వదు.

నవనీత వచ్చి ఎదురుంగ కూసున్నది. నల్ల చార కట్టె ఇంక చేతులనే ఉన్నది.

"నాకు ఫోన్‌లనే చెప్పొచ్చు గద నాయినా."

"నీకొక్కదానికి చెప్తే మిగిలినోళ్లు?"

చేతిలున్న కట్టెను తిప్పి చూసుకున్నది. "మరి ఈయేడు ఏం ఎయ్యాలె?"

"ఆరో సాల్ల పదిహేడో నంబరు ఉన్నది. శుక్రవారం దాక రెండే చచ్చినయి. ఇంకో రెండేండ్లు చూడాలె."

"అందాక?"

"అందాక జొన్న ఏసుకో. ఏటేటా కందే ఏస్తే నీ చేను గూడ గిట్లనే అయితది."

బస్సు హారన్ కొట్టింది. అది లేవలే. చేతిలున్న కట్టెను మోకాలుకు ఆనిచ్చి పటుక్కున విరిచింది, ఇంకోటి అందుకున్నది. రజిత పైపు కట్టేసి, నల్లా తిప్పేసి, మా కాడికొచ్చి ఒక మోపు విప్పింది.

గేటు కాడికెళ్లి సెక్యూరిటీ పిలుస్తున్నడు. "పెద్దాయనా, నీ పాస్ లేదంట. బయటికి రావాలంట."

అర్ధ మోపు మిగిలింది. అది గూడ కొట్టి, నాలుగో సాలు పొడుగూత చల్లినంకనే బయటికి వచ్చిన.